మత్తు డాక్టరు ముందు అమ్మ మందుల డబ్బా

అమ్మకు గాల్ బ్లాడర్‌లో రాళ్ళున్నాయని వేసవిలో చేయించిన స్కానింగ్‌లో తేలింది. భోజనం చేసిన గంటకో రెండు గంటలకో కుడి డొక్కలో నొప్పి మొదలై వీపు దాకా పాకేది. ఏడాదిగా దానికి గ్యాస్ అని పేరు పెట్టుకుని జీలకర్ర నీళ్ళతో నెట్టుకొచ్చింది. గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే సర్జన్ గారు స్కాన్ చూసి, "లాప్రోస్కోపీలో తీసేద్దాం. నాలుగు చిన్న రంధ్రాలు, గంట కూడా పట్టదు" అన్నారు. మంగళవారం కత్తి పెట్టించుకోనని అమ్మ పట్టుబడితే బుధవారానికి ఖాయమైంది. నేను హైదరాబాదు ఆఫీసులో వారం సెలవు పెట్టి వచ్చేశాను. బుధవారం ఆపరేషన్, శుక్రవారం అమ్మను పొన్నూరు దగ్గర మా ఊళ్ళో దింపడం, ఆదివారం రాత్రి బస్సు. ఇదీ నా లెక్క.

ఆ లెక్కలో పీఏసీ లేదు. సోమవారం కౌంటర్‌లో అమ్మాయి "పీఏసీ అయిందా మేడమ్?" అని అడిగేదాకా ఆ మాటే వినలేదు. ప్రీ అనస్తటిక్ చెకప్ అట. మత్తు డాక్టరు ముందుగా చూసి సరే అని రాస్తేనే థియేటర్ లిస్టులో పేరెక్కుతుంది. రక్తపరీక్షలు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే అన్నీ అయిపోయాయి కాబట్టి ఇక మిగిలింది ఒక సంతకం, ఒక ముద్ర అనుకున్నాను. నాన్నకి కూడా అదే చెప్పి, "పది నిమిషాల్లో వస్తాం, టిఫిన్ చెయ్యండి" అని క్యాంటీన్‌కి పంపించాను. మేం ఆ పనిలో నుంచి బయటపడేసరికి సాయంత్రం నాలుగున్నర.

గదిలో ఉన్నది యాభై దాటిన డాక్టరమ్మ. టేబుల్ మీద స్టెతస్కోపు, టార్చి, దర్జీల దగ్గరుండే కొలతల టేపు ఉన్నాయి.

"ఏమేం జబ్బులున్నాయమ్మా మీకు?"

"నాకేం లేవమ్మా. సుగరొకటి, బీపీ ఒకటి. అంతే."

ఆవిడ నవ్వలేదు. రోజూ వినే మాటే అయ్యుంటుంది. ఇంతకుముందు ఏమైనా ఆపరేషన్లయ్యాయా, అప్పుడు మత్తు నుంచి లేవడం ఆలస్యమైందా, ఏ మందైనా పడదా అని వరసగా అడిగారు. ఆ తర్వాత, మీ పుట్టింటి వాళ్ళలో ఎవరికైనా ఆపరేషన్ బల్ల మీద ఇబ్బందైందా అని అడిగారు. ఆ ప్రశ్న ఎందుకో నాకు అర్థం కాలేదు. కొన్ని కుటుంబాల్లో ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉంటుందట. గొంతులో ట్యూబు వేసేటప్పుడు కండరాలు వదులవడానికి ఇచ్చే ఒక మందు మామూలు వాళ్ళలో కొన్ని నిమిషాల్లో దిగిపోతే, వీళ్ళలో గంటల తరబడి దిగదు. మనిషికి మెలకువ వచ్చినా ఊపిరి తీసుకోలేడు. అమ్మ మా మేనమామల పేర్లన్నీ చెప్పి, ఎవరికీ ఏమీ కాలేదని తేల్చింది.

తర్వాత నోరు. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, "నోరు బాగా తెరిచి నాలుక బయట పెట్టండి, ఆ అనొద్దు" అన్నారు. టార్చి వేసి చూసి, కాగితం మీద 'మల్లంపాటి 3' అని రాసుకున్నారు. తెలిసిన ఇంటిపేరులా వినపడేసరికి అడిగాను. నోరు తెరిస్తే వెనక కొండనాలుక ఎంతవరకు కనపడుతుందో చూసి, ట్యూబు వేయడం తేలికో కష్టమో అంచనా కట్టే పద్ధతి అట. మల్లంపాటి శేషగిరిరావు గారని, మన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్ళి బోస్టన్‌లో మత్తు డాక్టరుగా పనిచేశారు. 210 మంది రోగుల్ని పరీక్షించి 1985లో ఆయన దీన్ని ప్రచురించారు. ఆయన పెట్టినవి మూడు తరగతులే, నాలుగోది 1987లో మరో ఇద్దరు చేర్చారు. ప్రపంచంలో ఏ ఆసుపత్రికి వెళ్ళినా కేసు షీటు మీద ఈ పేరు ఉంటుందని చెబుతూ డాక్టరమ్మ కాస్త మురిసిపోయారు. ఆవిడదీ అదే కాలేజీ.

అమ్మ ఇంకా నాలుక లోపలికి పెట్టకుండానే, "మల్లంపాటి వాళ్ళా? ఏ ఊరమ్మా వాళ్ళది?" అంది.

అమ్మకు కొండనాలుక మొదలు మాత్రమే కనిపించింది. అంటే ట్యూబు వేయడం కష్టం కావచ్చు. మెడ వెనక్కి ఎంత వంగుతుందో చూశారు. గడ్డం కొనకీ గొంతు ముడికీ మధ్య వేళ్ళు పెట్టి కొలిచారు. కింది వరసలో ఒక పన్ను ఊగుతోందని తేలింది, అది నాకూ తెలీదు. ట్యూబు వేసేటప్పుడు ఊడితే ఊపిరి గొట్టంలోకి పోతుందట. ఆఖరికి మెడ చుట్టూ టేపు వేసేసరికి అమ్మ, "ఇదేంటమ్మా, జాకెట్టుకి కొలతలా?" అని నవ్వేసింది. నేనూ నవ్వాను. మెడ లావుగా ఉంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉండొచ్చని చూస్తారట. "గురక వస్తుందా?" అంటే "అబ్బే" అంది.

బీపీ 172/98 ఉంది. ఇక్కడికొచ్చిన టెన్షన్‌కి పెరిగి ఉంటుందని పావుగంట ఆగి మళ్ళీ చూశారు. 168/96. 180/110 దాటితే వాయిదానేనని, ఇది దాని అంచున ఉందని చెప్పి, మామూలు గొంతుతో ఇంకో ప్రశ్న వేశారు.

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అమ్మా?"

"రాదమ్మా. మంగళగిరి కొండ మెట్లన్నీ ఎక్కి పానకాల స్వామిని చూసొచ్చాను, ఎక్కడా కూర్చోలేదు."

"ఎప్పుడు?"

"కృష్ణా పుష్కరాలప్పుడు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టారు. "అది 2016 కదమ్మా. ఆ తర్వాత ఎప్పుడైనా ఎక్కారా?"

అమ్మ నా వైపు చూసింది. మాది డాబా ఇల్లు, గుమ్మం ముందు మూడు మెట్లు. బజారుకి వెళ్ళాలంటే నాన్న స్కూటరు, గుడికి వెళ్ళాలంటే ఆటో. అమ్మ చివరిసారి మెట్లెక్కింది ఎప్పుడో నేనూ చెప్పలేకపోయాను.

"పదండి, ఇప్పుడు ఎక్కుదాం" అని నర్సును తోడిచ్చారు. వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టాలి. ఆషాఢం కదా, అమ్మ పది వేళ్ళకీ గోరింటాకు. గోళ్ళకు రంగుంటే ఒక్కోసారి రీడింగ్ సరిగా రాదని, ఎడమ చేతి చిటికెన వేలికి సరిగా పండలేదని కనిపెట్టి నర్సు దానికే తగిలించింది. బయల్దేరినప్పుడు ఆక్సిజన్ 97, నాడి 92. మొదటి అంతస్తు బాగానే ఎక్కింది, పైగా ఎంత పండిందో చూడవే అని దారిలో చెయ్యి చూపించింది. రెండో అంతస్తు సగంలో ఆగిపోయింది. "చెప్పు తెగినట్టుంది, చూడవే" అంది. వంగి చూశాను. చెప్పు తెగలేదు. తలెత్తేసరికి అమ్మ రెయిలింగ్ పట్టుకుని, నోటితో ఊపిరి పీలుస్తూ, ఎటో చూస్తోంది. క్లిప్పు మీద 94, నాడి 134. నర్సు రాసుకుంటూ మాట్లాడలేదు. నాకు అప్పటిదాకా ఉన్న నవ్వంతా పోయింది.

రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలిగితే గుండె, ఊపిరితిత్తులు ఆపరేషన్ భారాన్ని ఓ మాదిరిగా మోయగలవని వాళ్ళ లెక్క. ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి పట్టే ఆక్సిజన్‌ను ఒకటి అనుకుంటే, ఆ మెట్లెక్కడానికి నాలుగు రెట్లు కావాలి. చిన్న ఆపరేషనే కదా అన్నాను నేను. "రంధ్రాలు చిన్నవే" అన్నారు డాక్టరమ్మ. "కానీ పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి బెలూన్‌లా ఉబ్బిస్తారు. అది కింద నుంచి ఊపిరితిత్తుల్ని పైకి నొక్కుతుంది, గుండెకి రక్తం తిరిగి రావడమూ తగ్గుతుంది. సర్జన్ గారు చూసేది గాల్ బ్లాడర్‌ని. నేను చూడాల్సింది మిగతా మనిషిని."

గుండె స్కానింగ్, 2డీ ఎకో రాశారు. మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. గుండె పంపింగ్ 60 శాతం, బాగానే ఉంది. కానీ గోడ కాస్త మందమైంది, గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ అని ఉంది, అంటే రక్తం నింపుకోవడానికి గుండె సడలడం కాస్త మందగించింది. భయపడే మాటే గానీ బీపీ ఉన్న పెద్దవాళ్ళలో తరచూ కనిపించేదేనట.

ఆవిడ చూపు ఆగింది వేరే కాగితం మీద. సుగర్ అదుపు ఎలా ఉందో చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 9.4. మా ఫైల్లోనే డిసెంబరు రిపోర్టు ఉంది, అందులో 7.6. "అవే మందులు, అదే మనిషి. ఆరునెలల్లో ఇంతెందుకు పెరిగింది? బీపీ కూడా అప్పుడు బాగానే ఉందే" అని తనలో తాను అనుకున్నట్టు అని, "వేసుకునే మందులు చూపించండి" అన్నారు. నేను చీటీ తీశాను. "చీటీ కాదమ్మా. మందులు."

అమ్మ సంచీలోంచి బిస్కెట్ల డబ్బా తీసింది. నేను స్కూల్లో చదివేప్పటి నుంచీ మా ఇంట్లో ఉన్న రేకు డబ్బా, మూత మీద బొమ్మ ఎప్పుడో అరిగిపోయింది. డాక్టరమ్మ దాన్ని టేబుల్ మీద బోర్లించారు. కత్తెరతో సగానికి కత్తిరించిన షీట్లు, పేరు సగమే మిగిలిన షీట్లు. ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి చూస్తూ పక్కన పెట్టారు. సుగర్‌కి మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టాన్. డాపాగ్లిఫ్లోజిన్ అనే ఇంకో సుగర్ మందు దగ్గర ఆగి దాన్ని వేరే పెట్టారు. ఇది ఆపరేషన్‌కి మూడు రోజుల ముందే ఆపాలట. ఉపవాసంలో ఇది ఒంట్లో ఉంటే సుగర్ రీడింగ్ మామూలుగానే కనిపిస్తూ లోపల రక్తంలో ఆమ్లం పెరిగిపోవచ్చు. సుగర్ చూసి ధైర్యంగా ఉంటే మోసపోతాం. ఇలాంటి మందు ఒకటి అమ్మ వేసుకుంటోందని సర్జన్ గారి చీటీలో ఎక్కడా లేదు.

డబ్బా అడుగున న్యూస్ పేపరు ముక్కలో కట్టిన పొట్లం ఉంది. విప్పితే చిన్న చిన్న తెల్ల బిళ్ళలు, షీటు లేదు, పేరు లేదు.

"ఇవేంటమ్మా?"

"అవి మందులు కావమ్మా. మోకాళ్ళ నొప్పులకి. మా ఊళ్ళో ఆర్ఎంపీ ఇస్తాడు."

"రోజుకెన్ని?"

"పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. వేసుకుంటే గేదె దగ్గరికీ పెరట్లోకీ తిరుగుతాను. లేకపోతే మంచం దిగలేను."

"ఎప్పట్నుంచి?"

"సంక్రాంతికి పిల్లలొస్తారని, అప్పుడు మొదలుపెట్టా."

ఆ సంక్రాంతికి అమ్మ రెండు రోజులు పొయ్యి ముందు కూర్చుని అరిసెలు, జంతికలు, సున్నుండలు చేసింది. ఈ వయసులో ఎంత ఓపికో అని ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది నేనే.

నాన్నను పిలిచి ఆర్ఎంపీకి ఫోన్ చేయించారు. స్పీకర్‌లో వినపడింది. "డెక్సా అండీ. చిన్న డోసే, 0.5. అమ్మగారు నొప్పులని బాధపడుతుంటే..." డెక్సామెథాసోన్, అంటే స్టెరాయిడ్. డాక్టరమ్మ అతన్ని ఏమీ అనలేదు, డోసు మళ్ళీ అడిగి రాసుకుని పెట్టేశారు. సుగర్ ఎందుకు పెరిగిందో, బీపీ ఎందుకు మాట వినడం లేదో ఆ పొట్లంలో ఉంది. ఆవిడకి అంతకన్నా పెద్ద బెంగ వేరే ఉంది. మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు ఇలాంటి హార్మోన్నే తయారు చేస్తాయి. బయట నుంచి నెలల తరబడి వస్తుంటే అవి పని మానేస్తాయి. ఆపరేషన్ లాంటి దెబ్బ తగిలినప్పుడు ఒంటికి అది మామూలు కన్నా ఎక్కువ కావాలి. "ఈ పొట్లం సంగతి తెలియకుండా బల్ల మీద పడుకోబెట్టామనుకోండి. బీపీ ఉన్నట్టుండి పడిపోతుంది. సెలైన్ ఎక్కిస్తాను, మందులిస్తాను, ఎక్కదు. ఎందుకు ఎక్కడం లేదో నాకు తెలియదు." అంతే అన్నారు.

భయపడి ఇవాళ్టి నుంచే మానేస్తుందేమోనని, హఠాత్తుగా ఆపడం ఇంకా ప్రమాదమని, ఫిజీషియన్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలని అమ్మ చేత రెండుసార్లు చెప్పించారు.

లేచి వచ్చేస్తుంటే తలుపు దగ్గర నాన్న ఆగారు. "డాక్టరు గారూ, గురక అడిగారట. వస్తుందండీ. వస్తే పర్వాలేదు, మధ్యలో ఆగిపోతుంది. మళ్ళీ వచ్చేదాకా నేను లేచి కూర్చుంటాను." అమ్మ నాన్నను చూసిన చూపు నేను ఇక్కడ రాయలేను. డాక్టరమ్మ మళ్ళీ కుర్చీలో కూర్చుని, మెడ కొలత పక్కన ఇంకో లైను రాసుకున్నారు.

కాగితం చివర 'ఏఎస్ఏ 3' అని ఉంది. దాని కింద 'ఇప్పటికి వాయిదా'. 3 అంటే ఏమిటని ఫోన్లో వెతికాను. ఏఎస్ఏ అంటే అమెరికా మత్తు డాక్టర్ల సంఘం, వాళ్ళ పద్ధతిలో ఆరు తరగతులున్నాయి. ఏ జబ్బూ లేనివాళ్ళు 1. అదుపులో ఉన్న సుగర్, బీపీ 2. అదుపు తప్పితే 3. ఎప్పుడూ ప్రాణాల మీదికి తెచ్చేంత జబ్బు 4, ఆపరేషన్ చేయకపోతే బతకరనుకుంటే 5. ఆరో అంకె దగ్గర ఒక్క క్షణం ఆగిపోయాను. బ్రెయిన్ డెడ్ అయి అవయవాలు ఇస్తున్నవాళ్ళు. అమెరికాలో 1941లో ముగ్గురు మత్తు డాక్టర్లు దీని మొదటి రూపం తయారు చేశారు. ఆపరేషన్ ఎంత ప్రమాదమో చెప్పే అంకె కాదిది, వచ్చిన మనిషి ఏ స్థితిలో వచ్చారో చెప్పే అంకె అని వాళ్ళు అప్పుడే తేల్చి రాశారట. ఒకే మనిషికి ఒక డాక్టరు 2 అని, మరొకరు 3 అని వేయడమూ ఉందని డాక్టరమ్మే చెప్పారు.

నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం నాకు కోపమే వచ్చింది. సెలవు పోయింది, అడ్వాన్సు కట్టేశాం, అమ్మకి నొప్పి మళ్ళీ వస్తే ఎలా? సర్జన్ గారి దగ్గరికెళ్ళి ఇంకో మత్తు డాక్టరు ఎవరైనా ఉన్నారా అని కూడా అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన ఫైలు తిరగేసి, "ఆవిడ ఆగమంటే ఆగాల్సిందే. నాలుగు వారాలు చూద్దాం" అన్నారు. జ్వరం, ఆగని వాంతులు, కళ్ళు పచ్చబడటం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా రమ్మన్నారు. అలా వస్తే ఏఎస్ఏ అంకె పక్కన ఎమర్జెన్సీ అని 'ఈ' రాసుకుని తీసుకెళ్ళడమే, ఇవన్నీ సరిచేసుకునే టైము ఉండదు. ఆ నాలుగు వారాలూ అమ్మ కళ్ళు చూడటమే నాన్నకి పొద్దున్నే మొదటి పని.

అమ్మ మాత్రం కారులో హాయిగా కూర్చుంది. "ఆషాఢంలో వద్దని నేను ముందే చెప్పానా లేదా?"

స్టెరాయిడ్ తగ్గిస్తుంటే మోకాళ్ళ నొప్పులు తిరిగొచ్చాయి. ఆ నెలలో అమ్మ పడ్డ బాధ తక్కువేం కాదు. వేడి కాపడం, పారాసిటమాల్, ఫిజియోథెరపీ. టెల్మిసార్టాన్‌తో పాటు ఇంకో బీపీ మాత్ర కలిసింది. రోజూ సుగర్ చూసి నాన్న గోడ మీది క్యాలెండర్లో తిథి పక్కన రాసేవారు. ఏకాదశి 186, ద్వాదశి 171. మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ నాలుగు వారాల్లో పెద్దగా దిగదు కాబట్టి రోజువారీ అంకెలే తెమ్మన్నారు డాక్టరమ్మ. రెండో చెకప్‌కి నాన్న ఆ క్యాలెండర్‌ని మేకు నుంచి తీసి, చుట్టి, చంకలో పెట్టుకుని వచ్చారు. పరగడుపున 130 దగ్గరికి దిగింది. బీపీ 142/86. మెట్లు మళ్ళీ ఎక్కించారు, ఆగింది గానీ చెప్పు పేరు చెప్పలేదు, "ఆయాసం" అంది. ఊగే పన్ను ఈలోగా పీకించేశాం. అంకె మారుస్తారేమో అనుకున్నాను, 3 అలాగే ఉంచి 'ఫిట్' అని రాశారు.

ముందు రోజు రాత్రి వార్డులో చిన్న గొడవ. తొమ్మిది తర్వాత మంచినీళ్ళు కూడా వద్దని నర్సు, పొద్దున ఆరింటి దాకా ఉత్త నీళ్ళు తాగొచ్చని డాక్టరమ్మ. ఎనిమిదింటికి ఆపరేషన్. అన్నానికి, టిఫిన్‌కి కనీసం ఆరు గంటల ఎడం కావాలి, నూనె పదార్థాలకి ఇంకా ఎక్కువ, నీళ్ళకైతే రెండు గంటలు చాలు. అమ్మకి నాలుగున్నరకే కాఫీ పడాలి. పాలు పడితే అది కూడా అన్నం లెక్కేనని, మత్తులో అది వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే కష్టమని చెబితే, "ఒక్క గుక్క" అని బేరమాడింది. కొత్త బీపీ మాత్ర గుక్కెడు నీళ్ళతో, టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ ఆ పూటకి వద్దు, డాపాగ్లిఫ్లోజిన్ మూడు రోజుల క్రితమే ఆగింది. ఇవన్నీ నేను చేతి మీద పెన్నుతో రాసుకున్నాను.

థియేటర్ తలుపు దగ్గర డాక్టరమ్మ మళ్ళీ అన్నీ మొదటి నుంచీ అడిగారు. పేరు, ఏ ఆపరేషన్, పడని మందులు, చివరగా ఏం తీసుకున్నారు.

"ఆరింటికి రెండు గుక్కల నీళ్ళు, ఒక మాత్ర" అంది అమ్మ. కాస్త ఆగి, "రాత్రి పన్నెండింటికి ఒక బిస్కెట్ తిన్నానమ్మా. ఇది మా అమ్మాయికి తెలీదు" అంది.

డాక్టరమ్మ గోడ గడియారం వైపు చూసి, వేళ్ళ మీద లెక్కపెట్టి, "ఎనిమిది గంటలవుతోంది, పర్లేదు" అని లోపలికి తీసుకెళ్ళారు.

ఒంటికి కావలసిన స్టెరాయిడ్ అందేలా, మత్తు ఇచ్చేటప్పుడు 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ పెట్టారు. ట్యూబు మామూలుగా వేస్తే కనిపించక, సిద్ధంగా ఉంచుకున్న కెమెరా ఉన్న పరికరంతో వేశారట. గురక సంగతి తెలుసు కాబట్టి ఆ రాత్రి వార్డుకి పంపకుండా మానిటర్ల దగ్గరే ఉంచారు. రెండు రోజులకి ఇంటికొచ్చాం.

పొట్లం ఇప్పుడు డబ్బాలో లేదు. ఆ చోట సర్జన్ గారు ఇచ్చిన చిన్న సీసా ఉంది, అందులో శనగగింజలంత రాళ్ళు ఏడు. చూడటానికి ఎవరొచ్చినా అమ్మ డబ్బా తెప్పించి, సీసా గలగలలాడించి చూపిస్తోంది.